డిక్ ట్రేసీ పేరడీలు, నివాళులు: ఏవి ముందు చూడాలి, అసలు స్ట్రిప్ ఎంత చదవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చిన్నప్పుడు టీవీలో డాఫీ డక్ డిటెక్టివ్ వేషం వేసిన కార్టూన్ ఒకటి చూశారు. అది డిక్ ట్రేసీ అనే పాత అమెరికన్ కామిక్ స్ట్రిప్‌కి పేరడీ అని ఈమధ్యే తెలిసింది. అలాంటివి ఇంకేం ఉన్నాయి, అసలు స్ట్రిప్ చదవకుండా వాటిని చూస్తే అర్థమవుతాయా, మీరే ఒక డిటెక్టివ్ పేరడీ వేయాలనుకుంటే వీటి నుంచి ఏం నేర్చుకోవచ్చు?

ముందు సూటిగా చెప్తాను. పేరడీల్లో మూడు చాలు. ఆల్ కాప్ వేసిన ఫియర్‌లెస్ ఫాస్‌డిక్, మీరు చూసిన 1946 నాటి 'ద గ్రేట్ పిగ్గీ బ్యాంక్ రాబరీ', 1945 నాటి రేడియో సంగీత నాటిక 'డిక్ ట్రేసీ ఇన్ బి ఫ్లాట్'. నివాళుల్లో రెండు. 1990లో వారెన్ బీటీ తీసిన సినిమా, 2011 నుంచి జో స్టేటన్, మైక్ కర్టిస్ కలిసి నడిపిన స్ట్రిప్. అసలు ట్రేసీని చదవకపోయినా పేరడీలకు నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఎక్కణ్ణుంచి పుడుతోందో తెలియాలంటే, 1943 చివర్లో మొదలై 1944 మే దాకా నడిచిన ఫ్లాట్‌టాప్ అనే విలన్ కథ ఒక్కటైనా చదవాలి. మీరే పేరడీ వేయబోతున్నారు కాబట్టి మీకైతే అది తప్పనిసరి.

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ విద్యార్థులకు స్టోరీబోర్డు, కామిక్స్ చరిత్ర చెప్తుంటాను. ట్రేసీ పాఠం లేకుండా ఏ బ్యాచ్‌నీ పంపలేదు. దానికి కారణం ఉంది. ఒకే మూలం మీద ఇంత మంది ప్రతిభావంతులు, ఇన్ని రకాల మాధ్యమాల్లో, ఇంత దగ్గర దగ్గర సంవత్సరాల్లో పేరడీలు చేయడం అరుదు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే పేరడీ ఎలా పనిచేస్తుందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. నా అభిప్రాయం ఒక్క ముక్కలో: పేరడీ చేసేవాడికి మూలం ఆయువుపట్టు దొరకాలి. టోపీ, కోటు, దవడ అనుకరిస్తే అది వేషమే అవుతుంది. పైన చెప్పిన మూడు పేరడీలూ ట్రేసీలో మూడు వేరు వేరు ఆయువుపట్లు పట్టుకున్నాయి. అందుకే ఇన్నేళ్లయినా నిలిచాయి.

అసలు మూలంలో ఏముందో కొంచెం చెప్పకపోతే మిగతాది అందదు.

చెస్టర్ గౌల్డ్ 1900లో ఒక్లహోమాలోని పానీ అనే ఊళ్లో పుట్టాడు. షికాగో చేరి, ఏళ్ల తరబడి పత్రికల వాళ్ల చుట్టూ తిరిగాడు. అవి అల్ కపోన్ ముఠాలు షికాగోని ఏలుతున్న రోజులు. కోర్టులకు చిక్కని ఈ దొంగల్ని ఎదురుగా నిలబడి కాల్చే పోలీసు ఒకడుంటే బాగుండు అన్న కసి నుంచి పుట్టింది ఈ స్ట్రిప్. గౌల్డ్ పెట్టిన పేరు ప్లెయిన్‌క్లోత్స్ ట్రేసీ. దాన్ని డిక్ ట్రేసీగా మార్చింది పత్రికాధిపతి జోసెఫ్ మెడిల్ ప్యాటర్సన్. 1931 అక్టోబరు 4న డెట్రాయిట్ మిర్రర్‌లో మొదటి ఆదివారం పేజీ వచ్చింది. తర్వాత వారంలో న్యూయార్క్ డైలీ న్యూస్‌లో రోజువారీ స్ట్రిప్ మొదలైంది. కథ ఎత్తుగడే హత్యతో: ట్రేసీ పెళ్లాడబోయే టెస్ ట్రూహార్ట్ తండ్రిని దొంగలు చంపేస్తారు, టెస్‌ని ఎత్తుకుపోతారు, ట్రేసీ పోలీసుల్లో చేరతాడు. ఇంటిల్లిపాదీ పొద్దున్నే చూసే కామిక్స్ పేజీలో తుపాకీ కాల్పులూ శవాలూ అలా నేరుగా కనబడటం అప్పటికి కొత్త.

గౌల్డ్ గీతలో మూడు గుణాలు గుర్తు పెట్టుకోండి.

మొదటిది, నేరం ముఖం మీదే రాసి ఉంటుంది. తల పైభాగం బల్లపరుపుగా ఉన్నవాడు ఫ్లాట్‌టాప్. ఎండిన పండులా ముడతలు పడినవాడు ప్రూన్‌ఫేస్. నుదురంతా మడతలే ఉన్నవాడు ద బ్రో. నోరు తెరవకుండా గొణిగేవాడు మంబుల్స్. ఎప్పుడూ వణికేవాడు షేకీ. వీళ్లను గౌల్డ్ నవ్వించడానికి గీయలేదు. దుర్మార్గం అసహ్యంగా ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్మి గీశాడు.

రెండోది, శిక్ష. అతని విలన్లు అరెస్టయి కోర్టుకెళ్లడం కన్నా ఘోరంగా చావడమే ఎక్కువ. ఫ్లాట్‌టాప్ కొలంబస్ ఓడ శాంటా మరియా నమూనా కింద ఇరుక్కుని నీళ్లలో మునిగి పోతాడు. బ్రో ఎత్తు నుంచి జెండా కర్ర మీద పడి గుచ్చుకుని చస్తాడు. ట్రేసీకీ తూటాలు తగులుతూనే ఉంటాయి, మళ్లీ లేస్తూనే ఉంటాడు. చట్టం వైపు ఉన్నవాడికి సందేహమన్నది ఉండదు.

మూడోది విద్యార్థులు తరచుగా దాటేసేది: బాణం గుర్తులు. గౌల్డ్ బొమ్మలో పరికరం ఏదైనా ఉంటే దాని పక్కన బాణం వేసి పేరు రాసేస్తాడు. 1946 జనవరిలో వచ్చిన చేతి గడియారం రేడియో ఎంతో ప్రసిద్ధమైంది కదా, దాని పక్కన కూడా అది ఏమిటో చెప్పే బాణం కనబడుతూనే ఉంటుంది. చదివేవాడికి ఒక్క ఆధారం కూడా తప్పిపోకూడదన్న పట్టుదల అది. పోలీసు పద్ధతుల మీద అతనికున్న గౌరవం అది.

ఇప్పుడు ఫాస్‌డిక్ దగ్గరకొద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను, ఎందుకంటే అన్నిటిలోకీ లోతైన పేరడీ ఇదే.

ఆల్ కాప్ 1934లో మొదలుపెట్టిన 'లిల్ ఆబ్నర్' డాగ్‌ప్యాచ్ అనే కొండ పల్లె జనం మీద నడిచే హాస్య స్ట్రిప్. ఆ కథలో అమాయకుడైన ఆబ్నర్‌కి ఒక కామిక్ స్ట్రిప్ అంటే ప్రాణం. ఆ స్ట్రిప్ పేరే ఫియర్‌లెస్ ఫాస్‌డిక్. 1942లో ఇలా స్ట్రిప్‌లో స్ట్రిప్‌గా మొదలైంది. ఫాస్‌డిక్‌కి ట్రేసీ దవడ ఉంటుంది, టోపీ ఉంటుంది, అదనంగా సన్నటి మీసం. అతన్ని గీసే కల్పిత కార్టూనిస్టు పేరు లెస్టర్ గూచ్. చెస్టర్ గౌల్డ్ పేరుకి ప్రాస అని వేరే చెప్పక్కర్లేదు. గూచ్‌ని కాప్ ఎలా చూపిస్తాడంటే, పొట్టిగా, పనిభారంతో చితికిపోయి, అప్పుడప్పుడు మతి తప్పే మనిషి. రోజూ స్ట్రిప్ వేసే కార్టూనిస్టు బతుకు ఎలా ఉంటుందో కాప్‌కి తెలుసు, అతనూ అదే చాకిరీ చేస్తున్నాడు. ఆ పాత్రలో ఎగతాళితో పాటు సాటి పనివాడి మీద జాలి కూడా నాకు కనబడుతుంది.

ఒక ప్యానెల్‌ని, అంటే స్ట్రిప్‌లోని ఒక్క బొమ్మ గడిని, దగ్గరగా చూడండి. ఫాస్‌డిక్ ఒంటినిండా తూటా రంధ్రాలు. అవి రక్తపు మరకలు కావు, గుండ్రటి శుభ్రమైన కన్నాలు. వాటిలోంచి అవతలి గోడ కనబడుతుంది. అలా నిలబడి, ఏమీ కాలేదన్నట్టు పై అధికారికి రిపోర్టు ఇస్తుంటాడు. గౌల్డ్ గీసిన ఏ ట్రేసీ ప్యానెల్‌నైనా పక్కన పెట్టి చూడండి: ట్రేసీకి తూటా తగలడం, కట్టు కట్టుకుని మళ్లీ పనిలోకి దిగడం, ఆ మొండి నిబ్బరం అంతా ఉంది. కాప్ చేసిందల్లా దాన్ని ఒక్క అడుగు ముందుకు జరపడం. నల్లటి మందపు సిరా కూడా గౌల్డ్‌దే. గీత శైలి మారకపోవడం వల్లే ఆ కన్నం చూసినప్పుడు ఉలిక్కిపడి నవ్వుతాం.

కాప్ పట్టుకున్న అసలు ఆయువుపట్టు మాత్రం తూటాలు కావు. సందేహం లేని పోలీసు ఎంత ప్రమాదకరమో అతను పట్టుకున్నాడు. విషం కలిసిన బీన్స్ డబ్బా కథ చదవండి. ఊళ్లో ఎక్కడో విషం కలిసిన డబ్బా ఒకటుంది. జనాన్ని ఆ విషం నుంచి కాపాడాలని ఫాస్‌డిక్, బీన్స్ తినబోతున్న వాళ్లనల్లా కాల్చేస్తుంటాడు. అతని మనసులో కల్మషం లేదు, లంచం లేదు, బద్ధకం లేదు. కర్తవ్యమే ఉంది. వారానికి ఇరవై రెండున్నర డాలర్ల జీతానికి అంత నిష్ఠగా చేస్తాడు. గౌల్డ్ లోకంలో పోలీసు ఎప్పుడూ సరైనవాణ్ణే కాలుస్తాడు, ఎందుకంటే నేరం ముఖం మీద రాసి ఉంటుంది. ఆ ఒక్క హామీ తీసేస్తే ఏమవుతుందో కాప్ చూపించాడు. ఇది ట్రేసీని రోజూ శ్రద్ధగా చదివినవాడే చేయగల పని.

తెలుగులో పేరడీ అనగానే గుర్తొచ్చే జరుక్ శాస్త్రి విషయంలోనూ ఇంతే. శ్రీశ్రీ 'నేను సైతం' మీద ఆయన చేసిన పేరడీ నిలబడటానికి కారణం ఆయన చెవిలో శ్రీశ్రీ నడక పూర్తిగా నాటుకుపోయి ఉండటం. ఇష్టం లేనివాడు, సగం చదివినవాడు వెక్కిరించగలడు కానీ పేరడీ కట్టలేడు.

ఫాస్‌డిక్ ప్రభావం కథ బయటికి కూడా పాకింది. యాభైల్లో వైల్డ్‌రూట్ క్రీమ్ ఆయిల్ అనే తలనూనె ప్రకటనల్లో ఫాస్‌డిక్ హీరో అయ్యాడు. ఎవరి ముఖమైనా పెట్టుకోగల ఎనీఫేస్ అనే విలన్‌తో అందులో తలపడుతుంటాడు. 1952లో ఎన్‌బీసీ టీవీలో బొమ్మలాట కార్యక్రమంగా కూడా కొన్నాళ్లు వచ్చాడు. అన్నిటికంటే విచిత్రం ఆబ్నర్ పెళ్లి. తన ఆదర్శ పురుషుడు ఫాస్‌డిక్ ఏం చేస్తే తానూ అదే చేస్తానని ఆబ్నర్ శపథం పట్టాడు. 1952లో ఫాస్‌డిక్ తన ప్రేయసి ప్రూడెన్స్ పింపుల్టన్‌ని పెళ్లాడాడు. దాంతో ఏళ్ల తరబడి తప్పించుకుంటూ వచ్చిన ఆబ్నర్ కూడా తన వెంటపడే డైసీ మేని పెళ్లాడక తప్పలేదు. ఆ పెళ్లి వార్త లైఫ్ పత్రిక ముఖచిత్రమైంది. తీరా చూస్తే ఫాస్‌డిక్ పెళ్లి కల అని తేలింది, ఆబ్నర్‌ది మాత్రం నిజం పెళ్లే. ఒక పేరడీ పాత్ర తనను మోస్తున్న స్ట్రిప్‌లోని హీరో జీవితాన్నే మార్చేసిన ఉదాహరణ నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఇంకో సంగతి చెప్పి ముందుకెళ్తాను. 'లిల్ ఆబ్నర్' చివరి స్ట్రిప్ 1977 నవంబరు 13న వచ్చింది. గౌల్డ్ చివరి ట్రేసీ స్ట్రిప్ అదే ఏడాది డిసెంబరు 25న. మూలమూ పేరడీ ఒకే కాలంలో, ఒకే పాఠకుల చేతుల్లో ముప్పై అయిదేళ్లు పక్కపక్కన నడిచి, దాదాపు ఒకేసారి ఆ ఇద్దరి చేతుల నుంచి సెలవు తీసుకున్నాయి. 1995లో అమెరికా తపాలా శాఖ కామిక్ స్ట్రిప్‌ల మీద ఇరవై స్టాంపులు వేసినప్పుడు ట్రేసీకీ ఆబ్నర్‌కీ ఇద్దరికీ చోటిచ్చింది.

మీరు చూసిన డాఫీ కార్టూన్ వేరే దారి పట్టింది. బాబ్ క్లాంపెట్ దర్శకత్వంలో వార్నర్ బ్రదర్స్ 1946 జులైలో విడుదల చేసిన ఏడు నిమిషాల చిత్రం. పొలంలో డాఫీ పోస్ట్‌మాన్ కోసం తహతహలాడుతుంటాడు. కామిక్ పుస్తకం చేతికందగానే మైమరచి చదివేస్తాడు, ఆ ఊపులో తనను తానే గుద్దుకుని పడిపోతాడు, కలలో డక్ ట్వేసీ అయిపోతాడు. పోయినవి ఊళ్లోవాళ్ల పిగ్గీ బ్యాంకులు. దారిలో షెర్లాక్ హోమ్స్ ఎదురైతే ఇది నా ఇలాకా అని తోలేస్తాడు. దొంగల గుహలోకి వెళ్తే మౌస్ మ్యాన్, స్నేక్ ఐస్, 88 టీత్, హ్యామర్‌హెడ్, పంప్‌కిన్ హెడ్, పికిల్ పస్, జ్యూక్‌బాక్స్ జా, నియాన్ నూడిల్, రబ్బర్‌హెడ్... ఊపిరాడనివ్వరు.

క్లాంపెట్ పట్టుకున్న ఆయువుపట్టు విలన్ ముఖం. గౌల్డ్ పద్ధతిలో ముఖమే పేరు, పేరే నేరం. ఆ సూత్రాన్ని చివరికంటా లాగితే ఏమవుతుంది? తల రబ్బరైతే వాడు డాఫీని బొమ్మలాగా చెరిపేయగలడు. ఒళ్లు నియాన్ గొట్టమైతే వాణ్ణి మడిచి హోటల్ బోర్డు చేయొచ్చు. ఆ గుంపులో ఫ్లాట్‌టాప్ తన పేరుతోనే ఉంటాడు. బల్లపరుపు తల మీంచి విమానాలు లేచిపోతాయి. ఈ జోకు అప్పటి ప్రేక్షకుడికి ఎందుకంత పేలిందంటే, యుద్ధకాలంలో అమెరికన్ నావికులు విమానవాహక నౌకను ఫ్లాట్‌టాప్ అనే పిలిచేవాళ్లు. గౌల్డ్ విలన్ పేరులో ఆ ఛాయ ముందే ఉంది, క్లాంపెట్ దాన్ని బొమ్మ కట్టి చూపించాడు.

తరగతిలో నేను చేసే పని ఇది. ముందు ఏమీ చెప్పకుండా ఈ కార్టూన్ వేస్తాను. నవ్వు డాఫీ అరుపులకీ పరుగులకీ వస్తుంది. తర్వాత ఫ్లాట్‌టాప్ కథలోంచి కొన్ని రోజుల స్ట్రిప్‌లు చదివిస్తాను. వాడి సగం మూసిన కళ్లు, ముందుకొచ్చిన మూతి, ట్రేసీని చంపడానికి అయిదు వేల డాలర్లకు బేరం కుదుర్చుకునే తీరు. మళ్లీ కార్టూన్ వేస్తాను. ఈసారి నవ్వు చోటు మారుతుంది. అలమరా తలుపు మీద డాఫీ మర తుపాకీ కాల్చాక, తలుపు తెరిస్తే లోపలున్న విలన్లు ఒకరి వెనక ఒకరు వరసగా ఒరిగిపోయే దృశ్యానికి గది మొత్తం గొల్లుమంటుంది. గౌల్డ్ విలన్ల చావులు వరసగా చదివినవాళ్లకి అది పదేళ్ల స్ట్రిప్‌ని కొన్ని సెకన్లలో చూసినట్టుంటుంది. మీ ప్రశ్నకి, అంటే చదవకుండా చూడొచ్చా అన్నదానికి, ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఈ కార్టూన్ యానిమేటర్లలో బిల్ మెలెండెజ్ పేరుంటుంది. తర్వాత రోజుల్లో చార్లీ బ్రౌన్ టీవీ చిత్రాలకు దర్శకత్వం వహించింది ఆయనే. ఇంత గోలగా ఉన్న చిత్రంలోంచి అంత నెమ్మదైన చిత్రాలకు వెళ్లిన మనిషి అని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

రేడియో నాటిక గురించి తక్కువే చెప్తాను, వినడమే మేలు. 1945 ఫిబ్రవరి 15 నాటి 'కమాండ్ పెర్ఫార్మెన్స్' కార్యక్రమమది. యుద్ధంలో ఉన్న సైనికుల కోసం తయారైంది. తారలు డబ్బు తీసుకోకుండా పాడారు. బింగ్ క్రాస్బీ ట్రేసీ, డైనా షోర్ టెస్, బాబ్ హోప్ ఫ్లాట్‌టాప్, ఫ్రాంక్ సినాట్రా షేకీ, జిమ్మీ డ్యురాంటీ మోల్, జూడీ గార్లండ్ స్నోఫ్లేక్. ఇంతమంది ఒక్క నాటికలో మళ్లీ దొరకరు. ఇక్కడ ఆయువుపట్టు పెళ్లి వాయిదా. ట్రేసీ, టెస్‌ల నిశ్చితార్థం 1931లో అయింది. 1945కి ఇంకా పెళ్లి కాలేదు. నాటికలో పెళ్లి తంతు మొదలయ్యేసరికల్లా ఫోను మోగుతుంది, ఎవరో విలన్ దిగుతాడు, ట్రేసీ పరుగెడతాడు. డైలీ సీరియల్‌ని ఏళ్ల తరబడి సాగదీసే పద్ధతి మీద ఇంత ముద్దైన వేళాకోళం ఇంకోటి లేదు. గౌల్డ్ నిజంగా పెళ్లి చేసింది 1949 క్రిస్మస్ వేళ.

ఇక నివాళులు. నివాళిని నేను కొలిచే పద్ధతి పేరడీకి పెట్టిన కొలతే: ఏం పట్టుకున్నారు?

1990 సినిమా రంగు పట్టుకుంది. వారెన్ బీటీ, ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టోరారో, కళాదర్శకుడు రిచర్డ్ సిల్బర్ట్ కలిసి పాత ఆదివారం పేజీల అచ్చు రంగుల్లాగా గట్టిగా ఏడు రంగులకే పరిమితమయ్యారు. పసుపు కోటు అంటే ఒకటే పసుపు. విలన్లకి ముఖానికి అతికించే ప్రొస్థెటిక్ మేకప్. అల్ పచీనో బిగ్ బాయ్, డస్టిన్ హాఫ్‌మన్ మంబుల్స్. కళ, మేకప్, పాట ఈ మూడింటికీ ఆస్కార్లు వచ్చాయి. కథ పలచన అని అప్పుడూ ఇప్పుడూ అంటారు. నిజమే. అయినా ఒక్కో ఫ్రేము ఆపి చూడండి, స్టోరీబోర్డు నేర్చుకునేవాళ్లకి దాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. నేను పచీనో సన్నివేశాలను శబ్దం తీసేసి చూపిస్తాను.

దీనికి ఎదురుగా యూపీఏ అనే యానిమేషన్ సంస్థ తీసిన 1961 నాటి టీవీ కార్టూన్‌ని పెట్టండి. అయిదేసి నిమిషాల 130 భాగాలు. అధికారికంగా ట్రేసీ పేరుతోనే వచ్చింది. కానీ ట్రేసీ మొదట్లో ఆఫీసులో కూర్చుని రేడియోలో ఆజ్ఞ ఇస్తాడు, చివర్లో వచ్చి మెచ్చుకుంటాడు. మధ్యలో కేసు చేసేది జో జిట్సు, గో గో గోమెజ్, హెమ్‌లాక్ హోమ్స్ లాంటి సహాయకులు. వాళ్లలో జపనీయుడిని, మెక్సికన్‌ని చూపించిన తీరు జాతుల మీద చవకబారు వేళాకోళం. దాని మీద తర్వాత గట్టి అభ్యంతరాలొచ్చాయి, అవి న్యాయమైనవే. గౌల్డ్ వికారమైన ముఖాల్ని దుర్మార్గానికి గుర్తుగా వాడాడు. ఇక్కడ మంచివాళ్లని వాళ్ల పుట్టుకను బట్టి వెక్కిరించారు. మీ స్ట్రిప్‌లో ఈ తేడా మర్చిపోకండి. గౌల్డ్ పద్ధతిని కూడా ఈ రోజు కళ్లు మూసుకుని తీసుకోలేం. ముఖం బాగాలేనివాడు చెడ్డవాడన్న సూత్రం నిజ జీవితంలో మనుషుల్ని గాయపరుస్తుంది. పేరడీకి ఉన్న సౌకర్యం ఏమిటంటే ఆ సూత్రాన్నే తిరగేసి చూపించొచ్చు, కాప్ చూపించినట్టు.

స్టేటన్, కర్టిస్‌ల పని నాకు అన్నిటికన్నా ఆత్మీయమైన నివాళి. గౌల్డ్ తర్వాత మ్యాక్స్ అలన్ కాలిన్స్, రిక్ ఫ్లెచర్, డిక్ లాకర్ వంటి వాళ్లు స్ట్రిప్‌ని నడిపారు. 2011 మార్చి 14న స్టేటన్ బొమ్మ, కర్టిస్ రచనతో కొత్త దశ మొదలైంది. వీళ్లు పట్టుకున్నది జ్ఞాపకం. అరవైల్లో గౌల్డ్ ట్రేసీని చంద్రుడి మీదకి పంపి, మూన్ మెయిడ్ అనే అమ్మాయిని కోడలిగా తెచ్చాడు. చాలామంది పాఠకులకి అది మింగుడుపడలేదు. 1978లో కాలిన్స్ ఆ పాత్రని కారు బాంబుతో చంపేశాడు. స్టేటన్, కర్టిస్ ఆ ఘట్టాన్ని దాచిపెట్టలేదు, తుడిచేయనూ లేదు. శస్త్రచికిత్సతో మూన్ మెయిడ్‌లా మార్చబడిన మిస్టా అనే అమ్మాయిని తీసుకొచ్చి, ఆ కుటుంబం పాత దుఃఖాన్ని మళ్లీ ఎదుర్కొనేలా చేశారు. స్ట్రిప్ చరిత్రలో జనం ఇబ్బందిగా చూసే భాగాన్ని అంత గౌరవంగా చేరదీయడం చూసి నాకు వాళ్లంటే అభిమానం పెరిగింది.

2014లో చేసింది ఇంకా పెద్ద పని. 1924లో మొదలైన 'లిటిల్ ఆర్ఫన్ ఆనీ' స్ట్రిప్ 2010 జూన్‌లో ఆగిపోయింది, అదీ ఆనీ ఒక హంతకుడి చేతుల్లో చిక్కిన చోట. కథ తేలకుండానే పాఠకుల్ని వదిలేశారు. రెండు స్ట్రిప్‌లూ ఒకే సంస్థవి కావడంతో స్టేటన్, కర్టిస్ ఆనీని పెంచిన ధనికుడు వార్‌బక్స్‌ని ట్రేసీ దగ్గరకి తెచ్చారు. తప్పిపోయిన ఆనీని వెతకడం ట్రేసీ కేసు అయింది, ఆ పిల్ల ఇల్లు చేరింది. నాలుగేళ్లు ఎదురుచూసిన పాఠకుల బాకీ తీర్చారు.

మీ స్ట్రిప్ సంగతి. మా విద్యార్థి ఒకడు ట్రేసీ పేరడీ వేశాడు. పదునైన దవడ, టోపీ, పసుపు కోటు, అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. ఎవరికీ నవ్వు రాలేదు. గౌల్డ్‌లో ఏది నిన్ను నిలబెట్టేసిందో అదొక్కటే తీసుకోమన్నాను. అతను బాణం గుర్తులు తీసుకున్నాడు. కొత్తగా వేసిన స్ట్రిప్‌లో కోటు లేదు, టోపీ లేదు. ఇరానీ హోటల్లో హత్య. డిటెక్టివ్ నిలబడి చూస్తుంటాడు. ప్రతి వస్తువుకీ బాణం: 'చాయ్ (సగం తాగినది)', 'ఉస్మానియా బిస్కట్ (కొరికినది)', 'సాసర్', 'ఇంకో సాసర్'. ప్యానెల్ నిండా బాణాలే. ఆఖరి ప్యానెల్లో టేబుల్ కింద కత్తి పట్టుకుని నక్కినవాడు కనబడతాడు, వాడొక్కడికే బాణం లేదు. ట్రేసీని ఎన్నడూ చూడనివాళ్లు కూడా నవ్వారు, చూసినవాళ్లు ఇంకాస్త ఎక్కువ నవ్వారు.

కాబట్టి మీరూ ముందు ఫ్లాట్‌టాప్ కథ చదవండి. గౌల్డ్ స్ట్రిప్‌లన్నీ వరస సంపుటాలుగా వచ్చాయి. ఫాస్‌డిక్ కథలు కూడా పుస్తకాలుగా ఉన్నాయి, పాత ప్రతులు వెతికితే దొరుకుతాయి. రేడియో నాటిక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వినొచ్చు. చదివేటప్పుడు మీకు ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ గగుర్పాటు కలిగిందో పక్కన రాసుకోండి. గగుర్పాటు కలిగిన చోటే పేరడీకి ఎక్కువ పనికొస్తుంది.

హక్కుల గురించి ఒక మాట. అమెరికా చట్టం ప్రకారం 1931లో అచ్చయిన స్ట్రిప్‌లు 2027 జనవరి 1న ఎవరైనా వాడుకోగలిగే స్థితికి వస్తాయి. అది 1931 స్ట్రిప్‌లకే. ఫ్లాట్‌టాప్, ప్రూన్‌ఫేస్, చేతి గడియారం రేడియో నలభైల్లో వచ్చినవి, వాటికింకా చాలా సమయముంది. పేరు మీద ట్రేడ్‌మార్క్ విడిగా ఉంటుంది. కాప్ గానీ క్లాంపెట్ గానీ తమ హీరోకి ట్రేసీ పేరు ఉన్నదున్నట్టు పెట్టలేదు, పేరు మార్చి సొంత స్వభావం ఇచ్చారు. మీ డిటెక్టివ్‌కీ ఒక సొంత పేరు పెట్టుకోండి. మొదటి నాలుగు ప్యానెళ్లు పెన్సిల్‌తో గీశాక నాకు చూపిస్తే, సిరా వేయకముందే చెప్పాల్సింది చెప్తాను.